విదేశీ రాకెట్టు, పక్కనున్న షాపు: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ధర తక్కువని ఆశపడి బయటి దేశం నుంచి బ్యాడ్మింటన్ రాకెట్టు తెప్పించుకున్నాను. సుంకం, కొరియర్ ఖర్చు కలిసేసరికి ఆ లాభం కాస్తా ఎగిరిపోయింది. మూడో వారానికే ఫ్రేమ్‌లో వెంట్రుకవాసి పగులు. వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందట!

చివరికి దగ్గర్లోని షాపుకే వెళ్లాను. షాపాయన గ్రోమెట్లన్నీ (ఫ్రేమ్ రంధ్రాల్లో స్ట్రింగులు కోసుకుపోకుండా ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) వేలితో తడిమి, స్ట్రింగుల మీద మీటి, "స్ట్రింగులకు 28 పౌండ్ల బిగువు, అదే టెన్షన్, మీకెందుకండీ? 24 చాలు" అన్నారు. (నా టెన్షన్ వేరే లెండి.) భుజం ఎందుకు లాగేస్తోందో అప్పుడు అర్థమైంది.

విదేశీ సరుకే వద్దనను. పారా క్రీడల వీల్‌చైర్లు, ఫెన్సింగ్ కత్తులు చాలా చోట్ల దొరకవు. వాటి మీద సుంకం తగ్గించండి.

నా గొడవంతా క్రీడా సామగ్రి కొనడానికి మీ శాఖ పిలిచే టెండర్ల గురించే. వేడినీ, ఊరి ఎత్తునీ బట్టి షటిల్ వేగం మారుతుంది. ఎక్కడికి ఏ స్పీడ్ నంబరు (షటిల్ వేగాన్ని తెలిపే అంకె) సరిపోతుందో అక్కడి షాపువాళ్లకు తెలుసు. షటిళ్లను దూరం నుంచి టోకున తెప్పించి గోదాంలో పడేస్తే ఒక్కోదానికుండే 16 ఈకలూ ఎండి, నాలుగు స్మాషులకే విరుగుతాయి. టెండర్లలో ధరతో పాటు స్ట్రింగింగ్, మరమ్మతు సదుపాయానికి కూడా మార్కులివ్వండి. చిన్న షాపులు పోటీపడేలా ఆర్డర్లను ముక్కలు చేయండి.

ఇట్లు,
ఓ క్లబ్ ఆటగాడు