ఒంటి చెప్పుతో రాస్తున్న ఉత్తరం

హామిల్టన్, న్యూజిలాండ్
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

మూడు నెలలుగా నీకు జవాబు రాయలేదు. తిట్టు, పడతాను. ఇక్కడ అందరం కులాసా. ఉద్యోగం నడుస్తోంది, లక్ష్మి మోకాలి నొప్పి తగ్గింది, మీ అమ్మగారి కారప్పొడి అయిపోయింది. అసలు సంగతి ఇది కాదు.

మావాడు బడి రగ్బీ జట్టులో ప్రాప్ అయ్యాడు. అంటే స్క్రమ్‌లో ముందు వరుసవాడు. స్క్రమ్ అంటే నీకెలా చెప్పను... రాజుగారి పొట్టేళ్ల పందెం గుర్తుందా? అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పొట్టేళ్లు అనుకో. ముందున్న ముగ్గురేసి ఎదుటివాళ్ల తలల సందుల్లో తలలు దూర్చి, భుజాలు ఆనించి నెట్టుకుంటారు. వెనకున్న ఐదుగురి బలమంతా వీళ్ల మీదే. చేతులేమో పక్కవాణ్ణీ ఎదుటివాణ్ణీ పట్టుకొని ఉంటాయి. కూలితే ఆసరాకు చెయ్యి రాదు, తల కిందికి మడత పడిందా, మెడ విరుగుతుంది.

నిన్న కూలింది.

పొద్దున్నే వాన పడి నేలంతా చిత్తడి. చలికి పిల్లల మెడల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. రిఫరీ 'క్రౌచ్' అన్నాడు, వంగారు. 'బైండ్' అన్నాడు, ఎదుటివాడి చొక్కా పట్టుకున్నారు. 'సెట్' అనగానే దబ్బుమని చప్పుడు, ఎవడిదో కాలు జారింది, ముందు వరుస మొత్తం బురదలో బోర్లా పడింది. ఈల మోగగానే నెట్టడం ఆగిపోయింది. ఒక్కొక్కరే లేచారు. మావాడు లేవలేదు.

నేను మైదానంలోకి పరుగెత్తానురా. చెప్పులతో! ఒకటి బురదలో ఉండిపోయింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఎవరూ వాణ్ణి కదపలేదు కూడా. రిఫరీ మోకాళ్ల మీద కూర్చొని, తల తిప్పొద్దు, కాళ్లు కదులుతున్నాయా అని అడిగాడు. ఆ బురద లోంచి తెలుగులో జవాబు వచ్చింది: "నాన్నా, నువ్వెందుకు వచ్చావు? పరువు పోయింది."

ఊపిరి ఆడక పడుకున్నాడట, అంతే! నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు. మెడంతా పరీక్షించారు, ఏమీ లేదు. అయినా ఆటలోకి మళ్లీ పంపలేదు.

తర్వాత వాళ్ల కోచ్ నాకు టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. 2001లో ఇక్కడ రగ్బీస్మార్ట్ అని, ఆటలో దెబ్బలు తగ్గించే శిక్షణ ఒకటి మొదలుపెట్టారట, కోచ్‌లూ రిఫరీలూ ఏటా ఆ శిక్షణ తీసుకోవలసిందే. పాత లెక్కల ప్రకారం 2005 దాకా స్క్రమ్‌లలో తొమ్మిది మందికి వెన్ను దెబ్బతిని శాశ్వతంగా అవిటితనం రావాలి, వచ్చింది ఒక్కరికి. ఎంత మంచి లెక్క! నాకు మాత్రం ఆ ఒక్కడి తండ్రి ఎలా ఉన్నాడో అనిపించింది. ఇంతకుముందు పొట్టేళ్లలాగే కాస్త దూరం నుంచి ఢీకొనేవారట. 2013 నుంచి ముందు పట్టుకోవాలి, ఆ తర్వాతే తోపులాట. పందొమ్మిదేళ్ల లోపు వాళ్లు మీటరున్నర మించి నెట్టకూడదు.

రాత్రి నిద్ర పట్టక చదవకూడనిది చదివాను. మాట్ హాంప్సన్ అని ఇంగ్లండ్ కుర్రాడు, వీడిలాగే ప్రాప్. 2005లో శిక్షణలో స్క్రమ్ కూలి మెడ కింద ఒళ్లంతా చచ్చుబడింది. ఆ రోజు రిఫరీ టోనీ స్ప్రెడ్‌బరీ పారామెడిక్, అంటే అత్యవసర వైద్యం తెలిసినవాడు కాబట్టి ప్రాణం దక్కింది. రిఫరీ పారామెడిక్ కాకపోయి ఉంటే... వద్దులే.

మాన్పిద్దామా అంటే, వాడు ఈ దేశంలో తలెత్తుకు తిరుగుతున్నది ఈ ఆట వల్లే. వద్దని చెప్పే నోరు నాకు లేదు, సరేననే గుండె కూడా... లక్ష్మి నిన్న డ్యూటీలో ఉంది, తనకు ఏమీ తెలియదు. ఫోనులో నోరు జారకు. రెండో చెప్పు ఏదని అడిగితే కుక్క ఎత్తుకుపోయిందన్నాను. అవును, పందెం నాడు మీ నాన్నగారికి నువ్వు చెప్పిన అబద్ధమే! అదేమిటో, ఆవిడ నమ్మింది.

మెడ గట్టిపడే కసరత్తు రోజూ చేయమన్నారు. వాడి తలకు తువ్వాలు చుట్టి నేను లాగాలి, వాడు ఎదురు నెట్టాలి. నిన్న భయపడి మెల్లగా లాగితే, "గట్టిగా నాన్నా" అని కసురుకున్నాడు. మీవాడి ఇంజనీరింగ్ సీటు గురించి అడుగుదామనుకున్నాను, అదిగో తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు. ఉంటాను

నీ
శీను