ఏప్రిల్ ఒకటిన పిల్లల్ని ఏడిపించొద్దు, తుగ్లక్‌ని చూసి నవ్వుకుందాం

సంపాదకుడు గారికి నమస్కారం,

ఏప్రిల్ ఒకటి దగ్గరపడుతోందంటే నాకు గుండె దడ సార్. పదో తరగతి పరీక్షలు ఒక్కోసారి అప్పటికింకా అయిపోవు, సరిగ్గా అప్పుడే ఫోన్లలో ఈ ఫూల్ మెసేజ్‌లు మొదలవుతాయి. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఒక ఏడాది మా పిల్లల గ్రూపులో రేపటి పరీక్ష వాయిదా అని ఎవరో పెట్టారు, అచ్చం ఆఫీసు లెటర్ లాగే తయారుచేసి మరీ, ఒకమ్మాయి అది నమ్మి పుస్తకాలు సర్దేసి అమ్మమ్మ వాళ్ళ ఊరికి బస్సెక్కేసింది, సంగతి తెలిసి వాళ్ళ నాన్న రాత్రికి రాత్రి బండేసుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. పెట్టినోడేమో ఊరికే జోక్ మేడం అన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పిల్ల పరీక్ష ఎలా రాసుంటుందో మీరే ఆలోచించండి.

నవ్వు మానేద్దాం అనట్లేదు నేను. నవ్వాల్సింది నమ్మినవాళ్ళని చూసి కాదు, చేతిలో అధికారం ఉండి కూడా ముందూవెనకా చూసుకోకుండా పనులు చేసిన పెద్దోళ్ళని చూసి. చరిత్ర నిండా వాళ్ళే ఉన్నారు, ఒక్కొక్కరికి ఒక్కో పండగ పెట్టుకోవచ్చు.

ఏప్రిల్ ఒకటికి నా ఓటు తుగ్లక్ నాణేల పండగకే. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే రోజు కదా, డబ్బు గురించి నవ్వుకోడానికి అంతకన్నా మంచి రోజు ఏముంది. ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ 1330 ప్రాంతంలో రాగి, ఇత్తడి నాణేలు వేయించి వీటిని వెండి టంకా నాణెంతో సమానంగా తీసుకోవాలని హుకుం జారీ చేశాడు. ఆలోచన చెడ్డదేం కాదు, చైనాలో అప్పటికే కాగితం డబ్బు నడిచింది. కానీ ఆ నాణేన్ని ఎవరూ కాపీ కొట్టకుండా ఏ ఏర్పాటూ లేదు, దాంతో జనం ఇళ్ళల్లోనే టంకశాలలు పెట్టేసుకున్నారు, ఆ దొంగ నాణేలతోనే శిస్తులు కట్టేశారు. చివరికి రాగి తెచ్చివ్వండి, ఖజానా నుంచి బంగారం వెండి ఇస్తాను అని సుల్తానే ఒప్పుకోవాల్సొచ్చింది, వెనక్కొచ్చిన నాణేలు తుగ్లకాబాద్‌లో గుట్టలుగా పడున్నాయని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. దీన్ని క్లాసులో ఆట ఆడించొచ్చు, సగం మంది ఖజానా, సగం మంది జనం, అట్టముక్కలతో నాణేలు, బెల్లు కొట్టేలోపు ఖజానా ఖాళీ అవుతుంది. మన నోట్లలో వాటర్‌మార్కు, దారం ఎందుకున్నాయో ఆ పిల్లలకి మళ్ళీ విడిగా చెప్పక్కర్లేదు.

మా ఓరుగల్లు వాళ్ళకి ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. 1323లో కోట పడగొట్టి ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుంది ఈయనే, అప్పటికి యువరాజు, ఉలుగ్ ఖాన్ అనేవాళ్ళు. అంతకుముందు ఒకసారి ముట్టడించి ఉత్త చేతులతో వెనక్కి పోయాడు, ఎందుకంటే ఢిల్లీ నుంచి వార్తలు రావడం ఆగిపోయి, అప్పటి సుల్తాను, అంటే ఈయన నాన్న, చనిపోయాడట అన్న పుకారు దండులో పుట్టి సైన్యం చెల్లాచెదురైపోయింది. ఒక్క అబద్ధపు కబురు అంత పెద్ద సైన్యాన్ని కదిపేసిందంటే పరీక్షకి కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల ఏపాటి సార్.

నవంబర్‌లో ఆస్ట్రేలియా ఈముల రోజు పెట్టుకోవచ్చు. 1932లో గోధుమ చేలు పాడుచేస్తున్నాయని దాదాపు 20,000 ఈముల మీదికి అక్కడి ప్రభుత్వం సైనికుల్ని పంపింది, రెండు లూయిస్ మెషిన్ గన్లు, 10,000 తూటాలు, పక్షులు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి పరుగో పరుగు, వారం తిరక్కుండానే సైన్యాన్ని వెనక్కి పిలిచారు, మళ్ళీ పంపారు, డిసెంబర్‌లో ఇక చాలన్నారు. మన దగ్గర ఈము ఫారాలు పెట్టి అప్పులపాలైన రైతులున్నారు కాబట్టి ఈ నవ్వు వాళ్ళకి తగలకుండా చూసుకోవాలి, నవ్వేది మాత్రం తుపాకులు పంపిన మంత్రుల మీదే.

స్వీడన్ వాళ్ళు క్యాలెండర్ మార్చబోయి సగంలో గందరగోళమై, సరిచేసుకోడానికి 1712లో నిజంగానే ఫిబ్రవరి 30 పెట్టుకున్నారు. అప్పు ఫిబ్రవరి 30న తీరుస్తా అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పకపోవడమే మంచిది.

ఇవన్నీ కుదిరే పనులేనా అంటారేమో. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో ఫ్లోరెన్స్ అనే ఊరుంది, 1970 నవంబర్ 12న అక్కడి ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన తిమింగలాన్ని హైవే శాఖ వాళ్ళు అర టన్ను డైనమైట్ పెట్టి పేల్చారు, మాంసం ముక్కలు చూసేవాళ్ళ మీద పడ్డాయి, దూరంగా పెట్టిన ఒక కారు నుజ్జయింది. ఆ ఊరోళ్ళు దాన్ని దాచుకోలేదు, 2020లో ఓ పార్కుకి పేలిన తిమింగలం పేరే పెట్టుకున్నారు.

కాబట్టి నా మనవి ఏంటంటే, ఈసారి ఏప్రిల్ ఒకటిన మీ పేపర్ పిల్లల పేజీలో తుగ్లక్ నాణేల కథ బొమ్మలతో వేయండి, ఆట నియమాలు రాసి పంపడానికి నేను రెడీ. మిగతా స్కూళ్ళ సోషల్ టీచర్లు కూడా తమకి తెలిసినవి మీకు రాస్తే నెలకొకటి వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
హనుమకొండ