వంటింటి బోర్డులు విప్పి చూసినవారికి మా కృతజ్ఞతలు

రెండు ఆదివారాలు వరుసగా వచ్చి, మా అపార్ట్‌మెంటులో వంటింటి స్విచ్‌బోర్డులన్నీ విప్పి సరిచేసిన వైర్‌మ్యాన్ గారికి, ఆయన వెంట వచ్చిన కుర్రాడికి, దగ్గరుండి ప్రతి లైనుకూ లోడు లెక్క కట్టిన రిటైర్డ్ కరెంటు ఇంజనీరు గారికి అందరి తరఫునా నమస్కారాలు. పేర్లు వద్దన్నారు. వారు నేర్పింది మాత్రం మిగతా ఇళ్లకూ చేరాలని రాస్తున్నాం.

"ఎంసీబీ పడలేదుగా, ఇంకేం భయం?" ఇంటింటా వినిపించే మాట ఇదే. ఎంసీబీ అంటే లైనులో కరెంటు మితిమీరితే తనంతట తానే పడి సరఫరా ఆపే స్విచ్. కానీ 16 ఆంప్స్ ఎంసీబీ 16 దాటగానే పడిపోదు. 18 దాకా గంటసేపైనా నిలిచే ఉంటుంది. 23 దాటాక కూడా పడటానికి గంట దాకా పట్టవచ్చు. పిన్ను వదులై సాకెట్టు కాలుతుంటే దానికసలు తెలియదు, లైనులో కరెంటు పెరగదు కాబట్టి. కాలే వాసన పట్టాల్సింది మన ముక్కే.

వాట్లను మన ఇళ్ల వోల్టేజీ 230తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8.7 ఆంప్స్ లాగుతుంది, 1500 వాట్ల కెటిల్ 6.5. రెండూ 6 ఆంప్స్ చిన్న సాకెట్టుకు ఎక్కువే. 700 వాట్ల రైస్ కుక్కరు, 750 వాట్ల మిక్సీ అయితే విడివిడిగా చిన్న సాకెట్టులోనే నడుస్తాయి. మైక్రోవేవ్ దగ్గర చాలామంది పొరబడతారు. 800 వాట్లని రాసి ఉన్నది తిండికి చేరే శక్తి, గోడ నుంచి లాగేది 1200 పైమాటే. వెనక రేకు మీద ఇన్‌పుట్ ఎంతో చూడాలి.

లావు పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్టులో దూర్చే కన్వర్టర్లను వారు ప్రతి ఇంట్లోనూ తీయించారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులనూ అంతే, వాటి వైరు సన్నం. చుట్టగా పడేసి వాడితే వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించింది వేరు. పైన 16 ఆంప్స్ సాకెట్టు, వెనక మాత్రం లైటు బోర్డు నుంచి లాగిన సన్న వైరు! అలాంటి చోట్ల డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగా లాగి, దానికి సొంత ఎంసీబీ పెట్టారు. ఒకే లైను మీద ఇండక్షన్, మైక్రోవేవ్, కెటిల్ మూడూ కలిస్తే 20 ఆంప్స్ దాటిపోతుంది. సాకెట్లు మూడున్నా లైను ఒకటేనని గుర్తుంచుకోవాలి.

మిగతాదంతా ఓపికతో చేసిన పని. మెయిన్ ఆపి, టెస్టరుతో కరెంటు లేదని తేల్చుకున్నాకే బోర్డు విప్పారు. స్క్రూ రంధ్రంలో పట్టడం లేదని ఎవరో కొన్ని తీగపోగులు కత్తిరించిన చోట, తొక్క కొత్తగా ఒలిచి పోగులన్నీ మెలిపెట్టి బిగించారు. నల్లబడ్డ సాకెట్టుతో పాటు ప్లగ్గునూ మార్చారు. కాలిన పిన్ను కొత్త సాకెట్టునూ కాల్చేస్తుంది, ఒక్కటే మారిస్తే డబ్బు దండగ.

సాకెట్టుకు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. కొన్ని బోర్డుల్లో పచ్చ వైరు ఎక్కడా తగిలించకుండా మడిచి వదిలేసి ఉంది. కలిపాక ఫేజుకూ (కరెంటు వచ్చే తీగ) ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూశారు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉన్న ఇంట్లో అది వెంటనే పడింది, లేని ఇంట్లో బల్బు నిండుగా వెలిగింది. రెండూ మంచి కబుర్లే, ఎర్త్ కలిసిందనే అర్థం. ఈ పరీక్ష వైర్‌మ్యాన్ చేయాల్సింది, మనం కాదు.

మనం చేయగలిగింది ఒకటుంది. పొయ్యి పావుగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు వెనక భాగం తాకి చూడటం. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించలేకపోతే ఆ సాకెట్టు ఇక వాడవద్దు, వైర్‌మ్యాన్‌ను పిలవాలి.

మధ్యాహ్నం దాకా కరెంటు లేకున్నా విసుక్కోకుండా తలుపులు తీసిన అమ్మలకు, నిచ్చెన ఇచ్చిన కింది ఇంటివారికి, పనివారికి భోజనం పంపిన రెండో అంతస్తు పిన్నిగారికి కూడా మనసారా ధన్యవాదాలు.