హంతకుడెవరో ఇంకా తెలీదు

సంపాదకులకు నమస్కారం.

పాత సినిమాలను కాపాడుకోవాలంటూ మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం బాగుంది. కాకపోతే అందులో చెప్పినవన్నీ ఆణిముత్యాలే. వాటిని చూసుకునేవాళ్లు ఎవరో ఒకరుంటారు. నాబోటివాళ్లు వెతికే సరుకు వేరు. 1966లో ‘గూఢచారి 116’, 1970లో కె.ఎస్.ఆర్. దాస్ ‘రౌడీ రాణి’ వచ్చాక, ఆ గాలికి పుట్టి వారం తిరక్కుండా పోయిన చిన్నాచితకా క్రైమ్ పిక్చర్లు. ఉన్నదొకటే హాలు సెట్టు. కర్టెన్లు మారిస్తే విలన్ డెన్, మళ్లీ మారిస్తే హీరోయిన్ ఇల్లు.

“వాటిలో ఏముంది నాన్నా?” అంటాడు మావాడు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం నాకొక పాటల పుస్తకం దొరికింది, సినిమా పాటలూ కథాసంగ్రహమూ అచ్చేసి అప్పట్లో అమ్మినలాంటిది. ఎనిమిది పేజీలు. పిన్ను తుప్పుపట్టి నడిమి కాగితానికి చిల్లు పడింది. సినిమా పేరు మాత్రం చెప్పను, రేటు పెంచేస్తారు. కథాసంగ్రహం ప్రకారం జమీందారు మేడమీద హత్యకు గురవుతాడు. అనుమానం మేనేజరు మీద, డాక్టరు మీద, క్లబ్ డాన్సర్ మీద. ఆఖరి లైను ఆ రోజుల్లో అందరూ వేసేదే: “హంతకుడెవరు? వెండితెరపై చూడండి.”

ఎక్కడ చూడను? బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు చాలావరకు ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగిపోయాయి. మిగిలినవి డబ్బాల్లోనే పుల్లటి వాసనకొట్టి, ముడుచుకుపోయి పనికిరాకుండా పోయాయి. తెగిన ముక్కలు హాలు వెనక ఏరుకొచ్చి, మాడిపోయిన బల్బులో నీళ్లుపోసి గోడమీద బొమ్మలేసుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అప్పుడవి దాచుకోవాలని ఎవరికి తట్టింది?

పౌరాణికం ప్రింటు పోయినా రావణుడు చస్తాడని అందరికీ తెలుసు. క్రైమ్ పిక్చరుకు చివరి రీలు లేకపోతే హంతకుడు తప్పించుకున్నట్టే. అందుకే మావాడు నవ్వినా ఆదివారం ఆదివారం బస్సెక్కుతున్నాను.

పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ఇంట్లో అటకమీద తాతలనాటి రీళ్ల డబ్బాలుంటే తూకానికి వేసేముందు వాళ్లకో ఉత్తరం రాయమని మీరొక ముక్క వేస్తే సంతోషిస్తాను. అలాగే, మేడమీద జమీందారు చచ్చిపోయే ఆ సినిమా చూసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, చంపింది మేనేజరో డాక్టరో మీ పత్రికకే రాయమనండి. డాన్సర్ కాదనే నా నమ్మకం.

— ఓ రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, హైదరాబాద్