సంఘం వార్షిక నివేదిక: పిల్లల బ్లూస్ క్లాసు గురించి కాస్త ఎక్కువగా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు పంపిన కాగితంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కమిటీలో ఎక్కువ వాదన జరిగింది, చివరికి ఎక్కువ సంతోషం కలిగించింది కూడా పిల్లల బ్లూస్ క్లాసే, అందుకే దాని గురించి వివరంగా రాస్తున్నాను. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాదిలో నల్లజాతివారి కష్టాల్లోంచి పుట్టిన పాట.

మనం ఉంటున్నది అమెరికాలోని మెంఫిస్‌లో. 1912లో సంగీతకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 'మెంఫిస్ బ్లూస్' బాణీని అచ్చు వేయించింది, బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ డబ్ల్యూడీఐఏ రేడియోలో పనిచేస్తూ పేరు తెచ్చుకున్నది ఈ ఊళ్లోనే. ఇక్కడే పుట్టిన మన పిల్లలకేమో బ్లూస్ క్లబ్బులకు పేరున్న బీల్ స్ట్రీట్ అంటే చుట్టాలొచ్చినప్పుడు ఫొటోలు దిగే చోటు, అంతే. కూచిపూడి నేర్పిస్తున్నాం, మంచిదే, మరి ఊరి పాట ఎవరు నేర్పిస్తారని కొందరు తల్లులు గట్టిగా అడిగారు. దాంతో మిసిసిపీ డెల్టాలో పుట్టి, ఏళ్ల తరబడి ఈ చుట్టుపక్కల క్లబ్బుల్లో వాయిస్తున్న ఒక పెద్దాయనను పిలిచాం. పిల్లలకు ఆయన మాస్టారు, మనకూ అంతే.

మొదటి రోజు గిటార్ ముట్టనివ్వలేదు. ఒక చెక్క పలక, రెండు మేకులు, వాటి మధ్య బిగించిన ఇనుప తీగ, తీగ కింద దూర్చిన ఖాళీ సీసా. దీన్ని డిడ్లీ బో అంటారు. గిటార్ కొనలేని ఇళ్లలో పిల్లలు గోడకే తీగ కొట్టుకుని ఇలా నేర్చుకునేవారు. ఇంకో చిన్న సీసాను తీగ మీద జరుపుతుంటే స్వరం జారుతూ పోతుంది. వీణ నేర్చుకుంటున్న ఒక పాప "ఇది గమకం లాగే ఉంది" అంది. ఆయన ఆ పాపతో వీణ తెప్పించుకుని, ఆ జారుడు మళ్లీ మళ్లీ వాయించమని, తన గిటార్ మీద వెతుక్కున్నారు.

తర్వాత బ్లూస్ పాట కట్టే పద్ధతి: పన్నెండు బార్లు (తాళం ఆవర్తాల లాంటివి), మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు). మొదటి లైను పాడి, అదే ఇంకోసారి పాడి, మూడో లైనులో జవాబు చెప్పాలి. పిల్లలు సొంతంగా కట్టారు: "బస్సెళ్లిపోయింది, నా హోంవర్కు బస్సులోనే ఉంది" అని రెండుసార్లు, "మేడమ్ అడిగితే ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు" అని ముగింపు. హాలంతా నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, ఈ పాట అసలు ఎక్కడ పుట్టిందో చెప్పారు. బానిసత్వం పోయాక కూడా ఇంకొకరి భూమిలో పాలికి పత్తి పండించిన కుటుంబాలు, పంట చేతికొచ్చినా దొర దుకాణంలో తీరని బాకీ. గుంటూరు, వరంగల్ వైపు నుంచి వచ్చిన తండ్రులు ఆ మాటకు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియానికి కూడా తీసుకెళ్లాం. పాత రైల్వే గూడ్స్ డిపోలో ఉంది, పేరుమోసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న కలప ఇల్లు లోపలే ఉంది. పిల్లలకు బాగా నచ్చింది వేరే విషయం: 2022లో గ్రామీ సంగీత పురస్కారం అందుకున్న బ్లూస్ గిటారిస్టు కింగ్‌ఫిష్ ఇంగ్రామ్ చిన్నప్పుడు ఈ మ్యూజియం నడిపే పిల్లల క్లాసుల్లోనే నేర్చుకున్నాడని.

పండుగల డబ్బు దీనికెందుకని అడిగినవాళ్లున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఈ ఊరి అన్నం తింటున్నాం, ఈ ఊరి పాటకు కొంత ఖర్చు పెట్టడం మన బాధ్యత. పైగా మాస్టారికి ఇచ్చినది ఆయన పనికి చాలా తక్కువ. వచ్చే ఏడాది క్లాసు కొనసాగించాలని, ఆయన పారితోషికం పెంచాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. దయచేసి వచ్చి ఓటు వేయండి, పిల్లలు ఆ రోజు వాయిస్తారు.

కార్యదర్శి