ఆన్‌లైన్ కోర్సుకు టైమ్‌టేబుల్‌లో గంట ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లోని కోర్సులకు క్రెడిట్లు (డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు) ఇచ్చే నిబంధనలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016లో తెచ్చినప్పుడు, ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 20 శాతం వరకే వాటికి అనుమతి ఉండేది. 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచారు. అంటే సెమిస్టరుకు ఐదు సబ్జెక్టులు ఉన్న విద్యార్థి వాటిలో రెండింటిని పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చదువుకోవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. అయినా కాలేజీల్లో దీనిమీద నడిచిన చర్చంతా ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు, పరీక్ష ఫీజు ఎవరు కట్టాలి అన్న లెక్కల దగ్గరే ఆగిపోయింది గాని, కోర్సు నడిచే ఎనిమిది, పన్నెండు వారాలూ పిల్లవాడికి పాఠం అర్థమవుతోందో లేదో చూసేవారు ఎవరన్న ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు.

నేను చెన్నై శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగంలో పాఠం చెబుతున్నాను. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉండి చదువుకునే తెలుగు పిల్లలు మా తరగతుల్లో ఎప్పుడూ కనిపిస్తారు. ఆన్‌లైన్ చదువుకు నేను వ్యతిరేకిని కాను. ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టి, ఇప్పుడు స్వయంలో ఇంజనీరింగ్ కోర్సులు నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల పథకానికి ఈ ఊళ్లోని మద్రాసు ఐఐటీయే ప్రధాన కేంద్రం. మంచి ప్రొఫెసర్ దొరకని కాలేజీ పిల్లలకు ఆ పాఠాలు చేసిన మేలు నేను కళ్లారా చూశాను. నా అభ్యంతరమల్లా ఆ పాఠాలను మన కాలేజీలు వాడుకుంటున్న తీరు మీద, వాటిని చూసి సొంతంగా తయారుచేసుకుంటున్న కోర్సుల మీద.

కరోనా కాలంలో గత్యంతరం లేక గంట పాఠాన్ని కెమెరా ముందు చెప్పాం. ఆపద్ధర్మంగా చేసిన ఆ పనే ఇప్పుడు పద్ధతిగా స్థిరపడింది. సొంత ఆన్‌లైన్ కోర్సు అంటే చాలా చోట్ల స్టూడియో గది, దీపాలు, వెనకాల కాలేజీ బొమ్మ, నలభై వీడియోలు, అంతే. ఎడ్‌ఎక్స్ అనే అమెరికా ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన పరిశోధకులు, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు మధ్యస్థంగా ఆరు నిమిషాలకు మించి దానిమీద నిలవడం లేదని 2014లోనే తేల్చారు. దీన్ని విని గంట పాఠాన్ని పది ముక్కలు చేసి చేతులు దులుపుకొన్నవారూ ఉన్నారు. ముక్కకూ ముక్కకూ మధ్య విద్యార్థి చేత ఏ పనీ చేయించనప్పుడు అది పది ముక్కల ఉపన్యాసమే అవుతుంది గాని కోర్సు కాదు.

కోర్సు తయారీలో అసలు శ్రమ వీడియోలో కాదు, ప్రశ్నల్లో ఉంటుంది. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. 12 వోల్టుల బ్యాటరీకి 2 ఓములు, 4 ఓముల నిరోధకాలను శ్రేణిలో కలిపితే ఎంత విద్యుత్తు ప్రవహిస్తుందని అడిగామనుకుందాం. సరైన జవాబు 2 ఆంపియర్లు. మిగిలిన మూడు ఆప్షన్లుగా నోటికొచ్చిన అంకెలు వేయకుండా 3, 6, 9 అని ఇస్తే, 9 గుర్తించిన పిల్లవాడు శ్రేణిని సమాంతరంగా పొరబడ్డాడనీ, 3 గానీ 6 గానీ గుర్తించినవాడు ఒక నిరోధకాన్ని లెక్కలోకే తీసుకోలేదనీ వెంటనే తెలిసిపోతుంది. ఆ వారం తరగతిలో ఎక్కువమంది ఎక్కడ తడబడ్డారో చూసి, ఆ ఒక్క విషయం మీద ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే చాలు. దానికి స్టూడియో అక్కరలేదు. ఒక మనిషి అక్కర, ఆ మనిషికి తీరిక అక్కర.

ఆ తీరికనే ఎవరూ ఇవ్వడం లేదు. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చేసే పిల్లలకు కాలేజీలో ఒక మెంటర్ ఉంటారు. పేరుకు మెంటరే గాని, ఆయన పని చాలా చోట్ల రిజిస్ట్రేషన్ గడువు, పరీక్ష ఫీజు గడువు గుర్తుచేస్తూ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు పెట్టడం వరకే. ఆయన వర్క్‌లోడ్‌లో దీనికి ఒక్క గంట కూడా లెక్కకు రాదు, ఎప్పటిలాగే పద్ధెనిమిదో ఇరవయ్యో గంటలు పాఠం చెప్పుకోవాలి. ఇక పిల్లలు ఏం చేస్తారు? వారం వారం అసైన్‌మెంట్ల జవాబులు గడువు ముగియకముందే యూట్యూబ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ దొరుకుతున్నాయి. ఆ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాయాల్సిన పరీక్షకు 75. మొదటి పాతికా నిండుగా వచ్చి, పరీక్షలో చతికిలబడిన పిల్లలను చూసి బద్ధకస్తులని తీర్పు చెప్పడం తేలిక. కానీ మూడో వారంలో వాడికి రాని లెక్క ఏమిటో అడిగినవారు కాలేజీలో ఒక్కరూ లేరన్నది కూడా అంతే నిజం.

తెలుగు పిల్లల సంగతి ఇంకొంత విడిగా చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడికి తరగతి గదిలో పక్కవాడి నోట్సైనా ఆసరాగా ఉంటుంది. తెర ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇంగ్లిష్ ఉపన్యాసంలో ఒక వాక్యం జారిపోతే తర్వాతి పది నిమిషాలూ జారిపోతాయి. ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సుల పాఠ్యాన్ని తెలుగు సహా భారతీయ భాషల్లోకి అనువదించి ఉచితంగా పెట్టింది. ఈ సంగతి మా విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. కోర్సు మొదటి రోజునే ఆ లింకు చూపించడం ఏ కాలేజీకీ భారం కాదు కదా.

అనుబంధ కాలేజీలున్న విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఇది. క్రెడిట్ బదిలీకి అనుమతించే ఆన్‌లైన్ కోర్సుల జాబితాను అకడమిక్ కౌన్సిల్ ముందుకు తెచ్చేటప్పుడు, ప్రతి కోర్సు ఎదుట దాన్ని చూసుకునే అధ్యాపకుడి పేరు, వారానికి ఆయనకు కేటాయించిన గంటలు, ఆయన కింద ఉండే విద్యార్థుల సంఖ్య రాయడానికి గడులు పెట్టాలి. కనీసం వారానికి రెండు గంటలు వర్క్‌లోడ్‌లో లెక్కించాలి, విద్యార్థులకూ టైమ్‌టేబుల్‌లో ఆ కోర్సు పేరిట ఒక గంట చూపించాలి. అధ్యాపకుల కొరత ఉందనే కదా ఆన్‌లైన్‌కు వెళ్తున్నామని యాజమాన్యాలు అనవచ్చు; మూడు గంటల పాఠానికి బదులు రెండు గంటల పర్యవేక్షణ అడుగుతున్నాం గనుక వారికి ఇందులోనూ మిగులే. ఆ గడులు నింపలేని కాలేజీకి ఆ సెమిస్టరులో ఆ కోర్సును అనుమతించకూడదు.

భవదీయుడు,
ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై