రంగులు వేయించే ముందు ఇంటిని పరీక్ష చేయించాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రిక స్థిరాస్తి పుటలో పాత ఇళ్ల కొనుగోళ్ల గురించి వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్ల ధ్రువపత్రం) ఎన్నేళ్లకు తీయించాలి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) ఎలా సరిచూసుకోవాలి, ప్లాను మంజూరైందా, ఇంటి పన్ను బకాయి ఉందా అన్న విషయాలు వాటిలో వివరంగానే ఉంటాయి. అయితే ఆ జాగ్రత్తలన్నీ కాగితాలకు సంబంధించినవి, అవీ కొనేవారికి చెప్పేవి. ఇంటిని అమ్మకానికి పెట్టే ముందు యజమానే ఒక ఇంజినీరు చేత దానిని పైనుంచి కిందిదాకా పరీక్ష చేయించి, ఆయన రాసిచ్చిన నివేదికను కొనవచ్చినవారి చేతిలో పెట్టాలన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు. మా నాన్నగారి ఇంటిని అమ్మిన అనుభవంతో ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది తెనాలిలో నాన్నగారు 1984లో కట్టించిన డాబా ఇల్లు. ఇటుక గోడల మీద స్లాబు, వెనుక వంటిల్లు, పెరట్లో బోరు, మరో పదేళ్లకు మేడ మీద వేసిన ఒక గది. అమ్మానాన్నలు పోయాక నేనూ, టెక్సస్‌లో ఉంటున్న మా తమ్ముడూ దానిని అమ్మాలని అనుకున్నప్పుడు మధ్యవర్తి ఇచ్చిన మొదటి సలహా రంగులు వేయించమని. పెచ్చులు ఊడినచోట సిమెంటు పూయించి, బీటలకు లప్పం పెట్టించి, రెండు పూతలు రంగు వేయిస్తే చూడవచ్చినవారికి ఇల్లు నచ్చుతుందని ఆయన అన్నారు. మా వీధిలో అందరూ చేసేది అదే కనుక నేనూ సరేనన్నాను. ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు తమ్ముడు, "అక్కా, రంగుల సంగతి తరువాత చూద్దాం, ముందు తెలిసినవాళ్లను ఎవరినైనా పిలిచి ఇల్లు చూపించు" అన్నాడు. వాళ్ల రాష్ట్రంలో ఇళ్లను తనిఖీ చేసేవారు ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది ఉండాలి. కొనేవారు తనిఖీ చేయించుకోవడం అక్కడ మామూలు విషయం, అమ్మేవారిలో కొందరు అంతకు ముందే తమంతట తాము చేయించుకుంటారు. మన దగ్గర అలాంటి లైసెన్సుతో నడిచే వృత్తి లేదు కనుక, ప్రభుత్వ శాఖలో భవనాల పని చూసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఇంజినీరుగారిని అడిగాను.

ఆయన మొదటి రోజు చిన్న సుత్తి పట్టుకుని స్లాబు అడుగుభాగాన్ని జానెడు దూరానికొకసారి తట్టుకుంటూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగిన స్లాబు, వంటింటి మీదా స్నానాలగది మీదా డొల్లగా మోగింది. అక్కడ పెచ్చు తీసి చూస్తే చువ్వలు తుప్పుపట్టి పొరలుగా లేచి ఉన్నాయి. ఆ రోజుల్లో మేస్త్రి చువ్వల కింద సరిపడా బిళ్లలు పెట్టకపోవడం వల్ల, చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం, అంటే కవరు, కొన్నిచోట్ల ఉండవలసినదానిలో సగం కూడా లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగి, చువ్వకు రక్షణగా ఉండే క్షారగుణాన్ని తగ్గిస్తుంది. దానికి నెమ్ము తోడైతే చువ్వ తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక కింది కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులు ఊడడమంటే ఇదే. దానిమీద సిమెంటు పూసి రంగు వేస్తే లోపల తుప్పు ఆగదు, కంటికి కనబడకుండా పోతుంది, అంతే. మధ్యవర్తి సలహా ప్రకారం నేను చేయించబోయిన పని సరిగ్గా అదే. పసిపిల్లలున్న ఏ కుటుంబమో ఆ వంటింటి స్లాబు కింద మసలేదని తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

పడమటి గది గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీట గురించి ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. సిమెంటు పూత ఎండినప్పుడు పడే సన్నని గీతల వల్ల ప్రమాదం లేదని, పునాది కదలడం వల్ల పడే బీటల సంగతి వేరని, ఇది వాటిలో ఏదో ఒక్కరోజులో తేల్చలేమని చెప్పి, బీటకు అడ్డంగా మూడుచోట్ల సన్నని గాజుముక్కలు అతికించి, పక్కనే తేదీ రాశారు; గోడ ఇంకా కదులుతుంటే గాజు చిట్లుతుంది. అది మే నెల. ఆగస్టు వానల్లో వాటిలో ఒకటి చిట్లింది. మా ప్రాంతపు నల్లమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. స్నానాలగది నుంచి వెళ్లే మురుగునీటి గొట్టం నేలలో పగిలి, ఆ మూల పునాది కింది మట్టి ఒక్కటే ఏడాది పొడవునా తడిగా ఉండడం ఆ బీటకు మూలమని తవ్వాక తెలిసింది. మేడ మీద గచ్చుకు కూడా తూములు మూసి మూడు రోజులు నీళ్లు నిలగట్టి, కింద ఎక్కడెక్కడ నెమ్ము వస్తుందో గుర్తులు పెట్టారు.

ఈ వివరాలు ఇంతగా రాయడానికి కారణం ఉంది. కొనేవారు ఇల్లు చూసేది అరగంట, మహా అయితే రెండుసార్లు, అదీ పగటిపూట, ఎక్కువగా ఎండాకాలంలో. పరాయివారి ఇంటి మేడమీద మూడు రోజులు నీళ్లు నిలగట్టమని అడిగే వీలు వారికి లేదు. గాజుముక్క అతికించి ఒక వానాకాలం ఎదురుచూసే వ్యవధి అంతకంటే లేదు. ఆ వీలూ వ్యవధీ అమ్మేవారికి మాత్రమే ఉన్నాయి. కొనేవారే జాగ్రత్తపడాలని వదిలేస్తే ఈ లోపాలు ఎన్నటికీ సమయానికి బయటపడవు.

కరెంటు విషయం వేరే చెప్పాలి. చెక్కపట్టీల మీద నడిచిన పాత అల్యూమినియం వైర్ల మీదే తరువాత ఏసీ, గీజరు పెట్టించుకున్నాం. ఎర్తింగ్ గుంత ఎప్పుడో ఎండిపోయింది. షాకు తగిలిన క్షణంలో కరెంటును ఆపివేసే 30 మిల్లీయాంపియర్ల రక్షణ స్విచ్చు అసలే లేదు. ద్వారబంధాలలో రెండింటికి చెదలు పట్టాయి. బోరు నీటిని పరీక్షకు పంపితే నైట్రేటు, తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ విధించిన లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దును దాటింది. సెప్టిక్ ట్యాంకు బోరుకు మరీ దగ్గరగా ఉండడమే కారణం కావచ్చునని ఇంజినీరుగారు రాశారు.

మేము స్లాబును సరైన పద్ధతిలో బాగుచేయించాం. వదులైన కాంక్రీటంతా తీసి, చువ్వలను రుద్ది, తుప్పు నిరోధకం పూసి, ఆ పైన పాలిమరు కలిపిన మోర్టారు పెట్టించాం. వైరింగు మొత్తం మార్పించాం, మురుగు గొట్టం కొత్తది వేయించాం. పునాది జోలికి వెళ్లలేదు. మేడమీద గది మంజూరైన ప్లానులో లేదన్న సంగతి, ఆ బరువు కింది గోడలు మోస్తున్నాయన్న సంగతి, బోరు నీరు తాగడానికి పనికిరాదన్న సంగతి నివేదికలో ఉన్నవి ఉన్నట్లే ఉంచి, బాగుచేయకముందు తీసిన ఫోటోలతో సహా వచ్చిన ప్రతివారికీ ఇచ్చాం. మొదట వచ్చిన రెండు కుటుంబాలు చదివి వెళ్లిపోయాయి. మూడవవారు తమ ఇంజినీరును తెచ్చి చూపించుకుని, పునాది పనికి అయ్యే ఖర్చు తగ్గించమన్నారు. తగ్గించాం. మధ్యవర్తి మొదట చెప్పిన ధర మాకు రాలేదు. ఆ తేడా నష్టమని మా బంధువులు కొందరు ఇప్పటికీ అంటారు. బయానా తీసుకున్న తరువాత లోపం బయటపడి అగ్రిమెంటు రద్దు చేసుకోవడం, పెద్దమనుషుల మధ్య పంచాయితీ, కోర్టు నోటీసు వంటివి లేకుండా రిజిస్ట్రేషను పూర్తయింది. నా లెక్కలో అది నష్టం కాదు.

చట్టం ఈ విషయంలో కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, ఆస్తిలో గానీ దానిమీద తనకున్న హక్కులో గానీ ముఖ్యమైన లోపమేదైనా అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేనిదైతే, దానిని అమ్మేవారు వారికి చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షను మోసంగానే పరిగణిస్తుంది. పైకి కనిపిస్తున్న బీటను లప్పంతో పూడ్చి రంగు వేయడమంటే, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగల లోపాన్ని కనిపెట్టలేని లోపంగా మార్చడమే. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరాలలోపు బయటపడిన నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేసే బాధ్యతను బిల్డరు మీద పెట్టింది. అయితే ఒక కుటుంబం తాము ఉన్న పాత ఇంటిని మరొక కుటుంబానికి అమ్మేటప్పుడు అది అక్కరకు రాదు.

తెలిసిన లోపం చెప్పాలని కదా చట్టం అన్నది, పరీక్ష చేయించకపోతే తెలియదు కదా, తెలియనప్పుడు చెప్పవలసిన పనీ ఉండదు కదా అని నాతో వాదించినవారు ఉన్నారు. వానాకాలంలో ఉరిసే స్లాబు కింద ఏటేటా బకెట్టు పెట్టినవారు తమకు తెలియదని ఎలా చెప్పగలరు? నిజంగానే తెలియని వారి సంగతికి వస్తే, అది ఎక్కువగా విదేశాలలో ఉండి, పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, ఇక్కడి బంధువుల చేత తల్లిదండ్రుల ఇంటిని అమ్మిస్తున్న మా తమ్ముడి వంటివారి పరిస్థితి. పదిహేనేళ్లుగా వారు ఆ స్లాబును కన్నెత్తి చూసి ఉండరు. సంతకం పెట్టే బంధువుకు ఆ ఇంటి చరిత్ర తెలియదు. అలాంటి అమ్మకాలలో నివేదిక మరీ అవసరం. అక్కడ తాము కొనే ఇంటికి తనిఖీ లేనిదే అడుగు ముందుకు వేయనివారు, ఇక్కడ తాము అమ్మే ఇంటికి ఆ పాటి శ్రద్ధ చూపించాలని నా కోరిక.

ఊరిని బట్టి చూడవలసినవి మారుతాయి. విశాఖపట్నంలో సముద్రపు గాలిలోని ఉప్పు చువ్వలను ఇంకా త్వరగా తినేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్ వంటి ప్రాంతాలలో, నీరు ఏ ఎత్తుదాకా వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నది నివేదికలో మొదటి పంక్తిలో ఉండాలి. గోడమీది ఆ మరక ఒక్క కోటు రంగుతో మాయమైపోతుంది, పొరుగూరి నుంచి వచ్చి కొనుక్కునేవారికి ఇక తెలిసే దారి ఉండదు.

బ్యాంకు ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాడు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. తాము ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి విలువ సరిపోతుందా అని బ్యాంకు తన కోసం చూసుకునే చూపు అది. చువ్వ తుప్పుపట్టిందా, మురుగు గొట్టం పగిలిందా అని చూడడం ఆయన పని కాదు. వాస్తు పండితుడి చేత ఈశాన్యమూల కొలిపించుకోవడానికి వెనుకాడని మనం, స్లాబు మీద సుత్తితో తట్టి చూసే మనిషికి ఇచ్చే రుసుమును మాత్రం దండగ ఖర్చుగా చూస్తున్నాం.

పరీక్ష చేసేవారి ఎంపికలో ఒక జాగ్రత్త చెప్పాలి. మరమ్మతుల కాంట్రాక్టు తీసుకునేవారి చేత గానీ, అమ్మకం ధరలో కమీషను ముట్టేవారి చేత గానీ నివేదిక రాయించకూడదు. మొదటివారు లేని లోపం చూపించవచ్చు, రెండవవారు ఉన్నది దాచవచ్చు. పురపాలక సంస్థలు నిర్మాణ అనుమతుల కోసం స్ట్రక్చరల్ ఇంజినీర్లకు ఎలాగూ లైసెన్సులు ఇస్తున్నాయి. వారిలో పాత ఇళ్లను పరీక్షించడానికి సుముఖంగా ఉన్నవారి జాబితాను వార్డు సచివాలయాల దగ్గర పెట్టి, గరిష్ఠ రుసుము కూడా ప్రకటిస్తే, నా వంటి వారికి ఎవరిని అడగాలో తెలుస్తుంది. రిజిస్ట్రేషను శాఖవారు పాత ఇళ్ల విక్రయ దస్తావేజుకు ఒక్క పుట జతచేసే ఏర్పాటును పరిశీలించాలని కూడా కోరుతున్నాను. కట్టిన సంవత్సరం, తరువాత చేర్చిన నిర్మాణాలు, వరద వచ్చిందా లేదా, స్లాబు, వైరింగు, నీరు, మురుగు పరిస్థితి, చేయించిన మరమ్మతులు అందులో ఉండి, ఇరుపక్షాలూ సంతకం చేస్తే చాలు.

మీ స్థిరాస్తి పుటలో కాగితాల గురించి రాస్తున్నంత వివరంగా ఈ పరీక్ష గురించి కూడా అనుభవజ్ఞులైన ఇంజినీర్ల చేత రాయించవలసిందిగా మనవి. వేసవిలో ఇల్లు అమ్మాలనుకునేవారికి ముందు ఒక వానాకాలం చేతిలో ఉండాలి కనుక, ఆ వ్యాసాలు జూన్‌లోపు వస్తే ఎక్కువమందికి ఉపయోగపడతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి.